కూలి బండ్లలో కిక్కిరిసిన ప్రాణాలు: ఇంకో ఘోరం జరగకముందే కదలాలి

మిరప కోతలు మొదలయ్యాయి. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, సూర్యాపేట, మహబూబాబాద్ జిల్లాల్లో ఇప్పుడు తెల్లారకముందే ఊరి సెంటర్లో బండి హారన్ మోగుతుంది. సద్దిగిన్నె సంచిలో పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఆడవాళ్లు పరుగున వస్తారు. ముగ్గురికి పర్మిట్ ఉన్న ఆటోలో పన్నెండు మంది, పదిహేను మంది ఎక్కుతారు. సరుకులు మోయడానికి రిజిస్టరైన ట్రాలీలో పాతికమంది నిలబడతారు. పొగమంచు ఇంకా విడవదు. అదే దారిలో లారీలు, టిప్పర్లు, ట్రావెల్స్ బస్సులు, హైదరాబాద్ కార్లు దూసుకొస్తుంటాయి.

ఈ బండ్లలో ఏదో ఒకటి ఈ సీజన్‌లోనే బోల్తా పడే ప్రమాదం ఉంది. జోస్యం చెప్పడం లేదు, ఏటా చూస్తున్నదే చెబుతున్నాం. ఘోరం జరిగాక సంతాపం రాయడం కంటే, జరగకముందే గట్టిగా చెప్పడం పత్రికల బాధ్యత. ఈ హెచ్చరిక మొదట ఆ బండి ఎక్కే కూలీలకు చెప్పేది కాదు. బండి మాట్లాడే మేస్త్రీకి, పని చేయించుకునే రైతుకు, బస్సు వేయాల్సిన ఆర్టీసీకి, తనిఖీ చేయాల్సిన అధికారులకు, ఆ రోడ్ల మీద కారులో వెళ్లే పట్నవాసులకు చెప్పేది. ఎందుకంటే ఎంచుకునే వీలు వీళ్లకే ఉంది.

మరచిపోయిన రోజులు

2018వ సంవత్సరాన్ని గుర్తు చేసుకుందాం. ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప కోతకు బయలుదేరిన కూలీల ట్రాక్టర్ వద్దిపట్ల దగ్గర కాలువలో పడింది. తొమ్మిది మంది చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా కొట్టింది. పదిహేను మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. ఆ బస్సులో సీట్లకు దాదాపు రెట్టింపు మంది ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కొడిమ్యాల మండలం పల్లెలవాళ్లు.

ఒకే రాష్ట్రంలో, ఆరు నెలల వ్యవధిలో జరిగినవి ఇవి. ఆ తర్వాతా ఆగలేదు. 2023 మే 17న దామరచర్ల మండలం నుంచి తెల్లవారుజామున కూలికి బయలుదేరిన ఆటోను పల్నాడు జిల్లా పొందుగల దగ్గర లారీ ఢీకొట్టింది. ఆ ఒక్క ఆటోలో ఇరవై మందికి పైగా ఉన్నారు. 2025 నవంబర్ 3న తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న కిక్కిరిసిన బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. కంకరంతా ప్రయాణికుల మీద పడి 19 మంది ప్రాణాలు పోయాయి. సెలవుకు ఇంటికెళ్లి చదువులకు, ఉద్యోగాలకు తిరిగొస్తున్న పిల్లలున్నారు అందులో.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ మరణాల్లో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనివే. ట్రాఫిక్ మాట ఎత్తితే మనకు అమీర్‌పేట, బెంజి సర్కిల్ గుర్తొస్తాయి. చావులు మాత్రం ఊరి రోడ్ల మీద జరుగుతున్నాయి.

ఎక్కువ మంది ఎక్కితే బండికి ఏమవుతుంది?

ఆటోకు ముందున్నది ఒకే చక్రం. వెనక బరువు పెరిగేకొద్దీ ఆ చక్రం నేల మీద పట్టు కోల్పోతుంది. హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, గుంత తప్పించబోతే పక్కకు ఒరుగుతుంది. డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. వాళ్ల మోచేతులు, మోకాళ్లు హ్యాండిల్‌కు అడ్డం పడతాయి. బ్రేకు వేసినా ఆ బరువుకు బండి ఆగాల్సిన చోట ఆగదు.

వెనక డిక్కీలో రోడ్డువైపు తిరిగి, కాళ్లు వేలాడేసి కూర్చునేవాళ్ల సంగతి ఇంకా దారుణం. వేలాడే కాళ్లు, చీర కుచ్చెళ్లు, సంచులు కలిసి వెనక ఎర్ర లైటును కప్పేస్తాయి. చీకట్లో వెనక వచ్చే లారీకి ముందొక బండి ఉందనే తెలియదు. గుద్దితే మొదటి దెబ్బ ఆ కాళ్లకు, ఆ ఒడిలోని పిల్లలకు. మధ్యలో వేసిన చెక్క బల్ల ఏ బోల్టుకూ బిగించి ఉండదు. కుదుపు వస్తే మనుషులతో పాటు అదీ ఎగురుతుంది.

ట్రాక్టర్ ట్రాలీ మట్టి, ఎరువులు, ధాన్యం మోయడానికి చేసినది. దానికి స్ప్రింగులుండవు, పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, చాలావాటికి వెనక లైటే కాదు రేడియం స్టిక్కర్ కూడా ఉండదు. అలాంటిదాన్ని పిట్టగోడ లేని కాలువ కట్ట మీద నడుపుతారు. ఒక చక్రం కింద మట్టి జారితే చాలు, ట్రాలీ తలకిందులై అందులోని వాళ్లంతా నీళ్లలో దాని కిందే ఇరుక్కుంటారు. లోతు లేని కాలువల్లో కూడా అంతమంది చనిపోవడానికి కారణం ఇదే.

తెలియక ఎక్కుతున్నారా?

ప్రమాదం జరిగిన ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒక మాట వినిపిస్తుంది: పల్లెటూళ్లలో అవగాహన లేదు, ఎంత చెప్పినా ఆటోల్లో కుక్కుకుని వెళతారు అని. హైదరాబాద్‌లో స్థిరపడి, పెళ్లిళ్లకూ పబ్బాలకూ ఊళ్లకు వెళ్లొచ్చే నాలాంటివాళ్లలో ఈ మాట నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది ఎంత తప్పో ఒక్క ప్రయాణం చెప్పగలదు.

సూర్యాపేట జిల్లాలో బంధువుల ఇంటికి వెళుతూ హైవే మీద స్టేజీ దగ్గర బస్సు దిగాను. లోపలి ఊరికి ఆటోయే దిక్కు. వచ్చిన ఆటో అప్పటికే నిండింది. నా ప్యాంటు, షర్టు, చేతిలోని బ్యాగు చూసిన డ్రైవర్ మధ్య సీట్లో లోపలికి కూర్చున్న ఒక పెద్దావిడతో, ‘‘అవ్వా, నువ్వు ఎన్కకు జరుగు, సారు కూసుంటడు’’ అన్నాడు. వద్దు, నేనే వెనక కూర్చుంటానన్నాను. ‘‘మీకు అలవాటుండదు సార్, పడిపోతరు’’ అని నన్ను లోపలికే ఎక్కించాడు. ఆమె మారు మాట్లాడకుండా దిగి డిక్కీలోకి వెళ్లింది. ఒక చేత్తో ఇనుప కడ్డీ, ఇంకో చేత్తో నూనె డబ్బా పట్టుకుంది. భయం లేదా అని అడిగితే, ‘‘భయపడి దిగితే కూలి వోతది బిడ్డా’’ అంది.

అవగాహన లేనిది ఎవరికి? ఆ బండిలో ఏ సీటు ప్రాణం తీస్తుందో, ఏ సీటు కాపాడుతుందో డ్రైవర్‌కు క్షుణ్ణంగా తెలుసు. తెలుసు కాబట్టే బట్టలు చూసి, భాష చూసి, ఊరు చూసి సీట్లు పంచాడు. డిక్కీ ఏమిటో ఆమెకూ తెలుసు. అలవాటు ఎవరి ఎముకలనూ గట్టిపరచదు. పడితే నా తల ఎలా పగులుతుందో ఆమె తలా అలాగే పగులుతుంది. తేడా ఒక్కటే. నేను ఆ ఆటో వదిలేసి ఇంకో గంట ఆగితే నాకు పోయేది గంట. ఆమె ఆగితే ఆ రోజు కూలి పోతుంది. రెండు రోజులు ఆగితే మేస్త్రీ ఆమె బదులు ఇంకొకరిని పిలుస్తాడు.

కిక్కిరిసిన బండి ఎక్కొద్దని సలహా ఇవ్వడం తేలిక. ఎక్కకుండా ఉండగలగడం ఒక సౌకర్యం. అది డబ్బున్నవాళ్లకు, బండి ఉన్నవాళ్లకు, బస్సు ఉన్న ఊళ్లవాళ్లకు ఉంది. హైదరాబాద్ మెట్రోలో కిటకిట పెరిగితే అదనపు బోగీల కోసం మనం గొంతెత్తుతాం, ఆ గొంతు వార్త అవుతుంది. ఎత్తాలి కూడా. కానీ తండా నుంచి మిరప చేనుకు వెళ్లే ట్రాలీ రోజూ కిటకిటలాడితే వార్త కాదు, కాలువలో పడిన రోజే వార్త. ఈ తేడాను మనం మామూలుగా తీసుకున్నంతకాలం ఆ ట్రాలీలు అలాగే నడుస్తాయి.

ఉచిత టికెట్టు ఉంది, బస్సు కావాలి

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాయి. ఆధార్ చూపించి జీరో టికెట్టుతో ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తిరగగలుగుతున్నారు. ఆస్పత్రికి, కాలేజీకి, పుట్టింటికి ఎవరినీ డబ్బులు అడక్కుండా వెళ్లగలగడం చిన్న మార్పు కాదు. బస్సుల్లో సీట్ల కోసం జరిగే తోపులాటలను ఫోన్లలో తీసి, నవ్వుకుంటూ పంచుకునే పట్నవాసులకు ఒక మాట: ఆ తోపులాట మనుషుల తప్పు కాదు, బస్సుల కొరత. ఇన్నాళ్లూ చార్జీ లేక ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఎంతమందో ఆ రద్దీయే చెబుతోంది.

ఆ రద్దీకి తగ్గట్టు బస్సులు, డ్రైవర్లు, కండక్టర్లు పెరగకపోతే మంచి పథకమే ప్రమాదానికి దారి తీస్తుంది. కొండగట్టు మనకు నేర్పిన పాఠం అదే. ఆర్టీసీ బస్సు అయినంత మాత్రాన బరువుకు బ్రేకులు మినహాయింపు ఇవ్వవు. ఫుట్‌బోర్డు మీద వేలాడే ఇంటర్ పిల్లలను కండక్టర్ తిట్టి లోపలికి పంపలేడు, లోపల కాలు పెట్టే చోటుండదు.

బస్సుల కొరత ఒక సమస్య అయితే, రెండోది వేళ. కూలీ తెల్లారకముందే బయలుదేరాలి. ఎండ ముదరకముందు సగం పని కావాలి. ఊరికి మొదటి బస్సు ఎనిమిదింటికి వస్తే ఆ బస్సు ఉద్యోగులకు, విద్యార్థులకు పనికొస్తుంది, కూలికి వెళ్లే ఆడవాళ్లకు పనికిరాదు. టికెట్టు ఉచితమైనా ఆ వేళకు బస్సు లేకపోతే ఆమె డబ్బులిచ్చి ఆటోయే ఎక్కాలి. మిరప కోతలు, నాట్లు, పత్తితీత కాలాల్లో తెల్లవారుజామున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నడపడం ఆర్టీసీకి అసాధ్యం కాదు. జాతరలకు, పండుగలకు వేలాది ప్రత్యేక బస్సులు నడిపిన అనుభవం ఆ సంస్థకు ఉంది. పంటల కాలాన్ని కూడా అలాంటి సీజన్‌గా గుర్తించాలి.

చట్టంలో సగమే అమలు

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194ఎ సెక్షన్ చేర్చారు. పర్మిట్‌కు మించి ఎక్కించుకున్న ఒక్కో ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా అన్నది అందరికీ తెలిసిన సగం. రెండో సగం చాలామందికి తెలియదు. అదనంగా ఎక్కినవాళ్లను దించి, వాళ్లకు వేరే వాహనం ఏర్పాటు చేసేవరకు ఆ బండిని కదలనివ్వకూడదని అదే సెక్షన్ చెబుతోంది.

రోడ్డు మీద ఏం జరుగుతోంది? చలానా రాసి అదే బండిని, అదే జనంతో పంపేస్తారు. లేదంటే ఆడవాళ్లను నడిరోడ్డు మీద దించేసి బండిని స్టేషన్‌కు తీసుకెళతారు. మొదటిది చేస్తే ప్రమాదం అలాగే ఉంటుంది. రెండోది చేస్తే చీకటి పడే వేళ ఊరికి దూరంగా ఆడవాళ్లు చిక్కుకుపోతారు, రేపటి నుంచి బండ్లు చెక్‌పోస్టు తప్పించుకుని కాలువ కట్టల మీదుగా వెళతాయి. చట్టం అడిగింది ఈ రెండూ కాదు. దించడం, వేరే బండి చూడటం రెండూ కలిపి చేయమంది. తనిఖీకి వెళ్లే బృందం దగ్గర డిపో మేనేజర్ ఫోన్ నంబరు, ఒక బస్సు సిద్ధంగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఒక దుర్ఘటన తర్వాత పదిహేను రోజులు హడావుడి చేసి మానేసే తనిఖీల వల్ల భయం మిగులుతుంది తప్ప భద్రత మిగలదు.

ప్రాణం పోయాక పరిహారమూ గాలిలోనే

బండి యజమానులు, మేస్త్రీలు, రైతులు ఈ ఒక్క విషయమైనా శ్రద్ధగా చదవాలి. 42 మందికి అనుమతి ఉన్న బస్సులో 90 మంది ఎక్కి జరిగిన ప్రమాదం కేసులో, బీమా కంపెనీ బాధ్యత పాలసీలో ఉన్నంతమంది వరకేనని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. మిగిలిన భారం బండి యజమానిదే. వ్యవసాయ పనికని బీమా చేసిన ట్రాక్టర్ ట్రాలీలో కూర్చున్న కూలీకి ఆ బీమా వర్తించదని కూడా అదే ఏడాది ఇంకో కేసులో చెప్పింది. ఆ కూలీ పేదరికం చూసి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ప్రత్యేకంగా ఆదేశించింది.

దీని అర్థం సూటిగా చెప్పుకోవాలి. ముగ్గురి ఆటోలో పదిహేను మందిని ఎక్కించి ప్రమాదం జరిగితే పన్నెండు కుటుంబాల పరిహారం యజమాని ఆస్తుల మీద పడుతుంది. అతనికి ఆస్తి లేకపోతే కోర్టు తీర్పు కాగితంగానే మిగులుతుంది. తెలంగాణలో రైతుబీమా పట్టా భూమి ఉన్న రైతుకే వర్తిస్తుంది. ఆ రైతు చేనులో మిరపకాయ కోసే భూమిలేని మనిషికి అది రాదు. ప్రమాదం ఎవరికి ఎక్కువో వాళ్లకే రక్షణ తక్కువ.

ఇక ఏం చేయాలి

మేస్త్రీలు, రైతులు: బండి ఖర్చు పని ఖర్చులో భాగం. ఒక బండి రెండు ట్రిప్పులు తిరగాలి, లేదా రెండు బండ్లు పెట్టాలి. పని చోటు ఊరికి ఐదు కిలోమీటర్లు దాటితే కూలిపై పది శాతం అదనంగా ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే రాసింది. పనికి వెళ్లే దారి కూడా పనిలో భాగమేనని ప్రభుత్వం ఒప్పుకున్న మాట అది. సొంత చేలలోనూ దాన్ని పాటించడం న్యాయం. ట్రాక్టర్ ట్రాలీలో మనుషులను ఎక్కించడం ఈ రోజే ఆపాలి.

డ్రైవర్లు: మీ పక్కన ఇరువైపులా ఎవరినీ కూర్చోబెట్టకండి. చీకట్లో డిక్కీలో మనిషిని ఎక్కించకండి. వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి. దగ్గర దారి అని హైవే మీద రాంగ్ రూట్‌లో వెళ్లకండి.

ఆర్టీసీ, జిల్లా అధికారులు: కోతల కాలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి కూలీలు కదులుతున్నారో పంచాయతీ కార్యదర్శులకు తెలుసు. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం వైపు నుంచి గుంటూరు, పల్నాడు మిరప చేలకు ఏటా కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. ఆ సమాచారం డిపోకు చేరాలి, వేళలు మారాలి. కాలువ కట్టల మలుపుల్లో రక్షణ గోడలు, హైవే స్టేజీల దగ్గర సర్వీసు రోడ్లు, దీపాలు ఈ సీజన్‌లోనే మొదలు కావాలి. యూటర్న్ కోసం కిలోమీటర్లు తిరిగి రమ్మంటే పేదవాడి ఆటో రాంగ్ రూట్‌లోకే వస్తుంది.

పట్నవాసులు: సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దాటి ఊళ్లకు పరుగులు పెట్టే కార్లు మనవే. ఊరి స్టేజీ కనిపించగానే వేగం తగ్గించండి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ పక్కరోడ్డు నుంచి జనంతో నిండిన ఆటో వస్తుందనే అనుకుని నడపండి. ప్రమాదం కనబడితే ఆగండి, 108కు ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లను పోలీసులు వేధించకుండా చట్టంలో రక్షణ ఉంది. 2025లో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం అందాలి. ఆస్పత్రిలో ఆ మాట గుర్తుచేసే మనిషి ఒకరుండాలి, ఆ మనిషి మీరు కావచ్చు. మీ సొంతూరికి బస్సు లేకపోతే ‘డయల్ యువర్ డీఎం’ రోజున డిపో మేనేజర్‌కు ఫోన్ చేయండి. చదువుకున్న గొంతును ఊరి కోసం వాడటానికి అంతకంటే తేలిక మార్గం లేదు.

అక్కాచెల్లెళ్లు, కూలి అన్నలు: మీ చేతిలో ఉన్నది కొంచెమే, ఆ కొంచెం వదలకండి. తాగిన డ్రైవర్ బండిని అందరూ కలిసి ఒక్కమాటగా కాదనండి. కాలువ కట్ట మలుపు దగ్గర దిగి నడవండి. పసిపిల్లలను డిక్కీలో పెట్టకండి. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరండి, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి.

కొండగట్టు, వేములకొండ, వద్దిపట్ల తర్వాత మంత్రులు పరామర్శించారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ఆ చెక్కుల ఖర్చులో కొంతైనా ముందే బస్సుల మీద పెట్టి ఉంటే ఎందరో బతికి ఉండేవారు. ఈసారి చెక్కు కంటే ముందు బస్సు రావాలి. ఏ జిల్లాలో కోతలు మొదలయ్యాయో, ఏ దారిలో బండ్లు నిండుతున్నాయో కలెక్టర్లకు, డిపో మేనేజర్లకు, పోలీసులకు ఈ రోజే తెలుసు. ఇంత తెలిసీ కదలకపోతే రేపు జరిగేదాన్ని ప్రమాదం అనకూడదు, నిర్లక్ష్యం అనాలి. ఆ నిర్లక్ష్యానికి ఎవరు జవాబుదారీయో పేరుపెట్టి అడిగే హక్కు ప్రతి కూలీ కుటుంబానికి ఉంది. వాళ్ల వెంట నిలబడి అడగాల్సిన బాధ్యత మనకుంది.